రోజుకో టపా, ఒక దిష్టి చెయ్యి

ఫిబ్రవరి 3, మంగళవారం

ఇవాళ్టి నుంచి నేను మారిన మనిషిని. మా నారింజపూల పన్నీరు అమ్మే ఇంటర్నెట్ దుకాణానికి బ్లాగు పెడుతున్నాను. రోజుకో టపా రాస్తాను. ఒక్క రోజు కూడా మానను!

ఎందుకో ఇక్కడ రాసుకోవాలి, లేకపోతే వారం తిరిగేసరికి మర్చిపోతాను. పోయిన వసంతంలో అమ్మ తీసిన పన్నీరు సీసాలు ఇంకా ఇంట్లోనే ఉన్నాయి. మంచాల కింద ఉన్నాయి, బీరువాలో ఉన్నాయి, స్నానాల గదిలో కూడా ఉన్నాయి. పొద్దున అమ్మ ఒక సీసాని కాలితో తన్నుకుంది. కుంటుకుంటూ బయటికొచ్చి తీర్పు చెప్పేసింది.

"ఒరే హాతెమ్, కొత్త పూలు పూసేలోగా ఈ సీసాలు కదలాలి. కదల్లేదో, పన్నీరు తీసే బట్టీ మీ పిన్నికి పంపించేస్తా. అమ్ముడుపోని దానికి నేనెందుకురా నడుం విరగ్గొట్టుకోవడం?"

పిన్ని అంటే దలెండా పిన్ని, అమ్మ చెల్లెలు. మర్సాలో సముద్రం కనిపించే ఇంట్లో ఉంటుంది. మా రాగి బట్టీ మీద ఆవిడకి ఏనాటి నుంచో కన్నుంది. హాల్లో పెట్టి అందులో మొక్క నాటుతుందట! అది మా అమ్మమ్మ బట్టీ. చిన్నప్పుడు అందులోంచి చుక్కలు పడే చప్పుడు వింటూ నిద్రపోయేవాణ్ణి. అది ఈ ఇల్లు దాటితే నాకు ఏడుపొస్తుంది. సిగ్గుపడకుండా రాస్తున్నాను, నిజంగానే ఏడుస్తాను.

చెయ్యాల్సినవి:
బ్లాగు తెరవడం. (అయిపోయింది! పది నిమిషాలు పట్టలేదు.)
మంచి థీమ్ ఎంచుకోవడం.
మొదటి టపా.
సీసాలన్నీ అమ్మెయ్యడం.

ఫిబ్రవరి 4

థీమ్‌లు చూశాను. మధ్యాహ్నం నేను చెప్పాల్సిన రెండు డ్రైవింగ్ పాఠాలు రద్దు చేసుకుని మరీ చూశాను. ఒకటి పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫర్‌కి బాగుంటుంది. ఒకటి పళ్ళ డాక్టరుకి. చివరికి ఒకటి దొరికింది, సొగసుగా ఉంది. ఇవాళ టపా రాయలేదు, కానీ పునాది పడింది. పునాది లేకుండా ఎవరైనా గోడ కడతారా?

ఫిబ్రవరి 6, శుక్రవారం

బ్లాగు పైపట్టీ తెల్లగా ఉండాలి, నారింజపువ్వు తెలుపు. తెలుపంటే ఒకటే అనుకునేవాణ్ణి. కాదు. పాల తెలుపుంది, సున్నం తెలుపుంది, ఎముక తెలుపుంది. అన్నీ వరసగా పెట్టి నా భార్య ఇన్సాఫ్‌ని అడిగాను. మందుల షాపు నుంచి అప్పుడే వచ్చి చెప్పులు విప్పుతోంది.

"ఏది బాగుంది?"

"మూడూ ఒకటేగా."

"సరిగ్గా చూడు."

"టపా రాశావా?"

మనుషులు ఇంత సున్నితం లేకుండా ఎలా ఉంటారో. టపా రాసేదాకా నీ బ్లాగు మొహం చూడనని తేల్చేసింది.

ఫిబ్రవరి 8

ఇవాళ రాయడానికి కూర్చున్నాను! "మా అమ్మమ్మ" అని శీర్షిక పెట్టాను. అమ్మకి చదివి వినిపించాను.

"ముక్కూ మొహం తెలీని వాళ్ళ మధ్య మా అమ్మ పేరెందుకురా?"

సరే, తీసేశాను. "ఎన్ని పూలకి ఎంత పన్నీరు వస్తుంది" అని మొదలుపెట్టాను.

"వచ్చిందెంతో బయటికి చెప్పకూడదు. చెప్తే మరుసటేడు రాదు."

"పోనీ, బట్టీ ఫొటో పెడతా."

అమ్మ వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చింది. "మా బట్టీని ఊరందరి కళ్ళ ముందూ పెడతావా? దిష్టి తగిలి పగుళ్ళిస్తే నువ్వు అతుకుతావా?"

చివరికి ఒప్పందం కుదిరింది. ఫొటో పెట్టొచ్చు, కానీ ముందు చెడు కన్ను తగలకుండా దిష్టి చెయ్యి బొమ్మ ఉండాలి. ఐదు వేళ్ళూ విప్పి, మధ్యలో నీలి కన్నుతో.

ఫిబ్రవరి 11

చెయ్యి పెట్టాను. అమ్మకి చూపించాను.

"ఇదేంటి, చీమంత ఉంది. పైన ఒక్కచోటే పెడితే కిందికి వెళ్ళినవాళ్ళ సంగతేంటి? చూసేవాడి కన్ను ఎక్కడికి పోతే చెయ్యి అక్కడికి పోవాలి."

"అలా కుదరదమ్మా."

"బండి నడపడం రానివాళ్ళకి బండి నేర్పుతావు. ఒక చెయ్యికి నడవడం నేర్పలేవా?"

ఈవిడ బళ్ళో చదువుకుని ఉంటే నేనేమైపోయేవాణ్ణి!

ఫిబ్రవరి 14

సాధించాను!! రెండు రోజులు కూర్చుని నేర్చుకున్నాను. బ్లాగులోనైనా దుకాణంలోనైనా, పేజీని ఎంత కిందికి జరిపినా చెయ్యి వెంటే వస్తుంది. కింద కుడిపక్క మూలలో, నవ్వుతున్నట్టు. మా కంప్యూటరు తెర మీద అద్భుతంగా ఉంది. అమ్మ తెరకి ముద్దు పెట్టింది. ఈ నాబుల్ ఊరు మొత్తంలో నడిచే దిష్టి చెయ్యి ఎవరికుంది?

టపా: రేపు.

ఫిబ్రవరి 19

ఉపవాసాలు మొదలు. రోజుకో టపా అన్నది ఉపవాసాల ముందు అనుకున్న మాట. ఖాళీ కడుపుతో బుర్ర పనిచెయ్యదు. అందుకని వారానికొకటి చాలు. ఇఫ్తార్ అయ్యాక రాస్తాను.

అదే రోజు, ఇఫ్తార్ అయ్యాక

సూపు, గుడ్డు పెట్టి వేయించిన బ్రీకులు మూడు, వాటి మీద హరీసా కారం. కుర్చీలోంచి లేవలేకపోతున్నాను. రేపు.

ఫిబ్రవరి 24

జనం వస్తున్నారు! పండగ మిఠాయిలకి పన్నీరు వెతుక్కుంటూ మా దుకాణంలోకి వస్తున్నారు. పాఠాల మధ్యలో ఫోన్లో లెక్కలు చూసుకుంటున్నాను. వచ్చినవాళ్ళు వచ్చినట్టు పోవడం లేదు, సీసా ఉన్న పేజీలో చాలాసేపు ఆగుతున్నారు. మెచ్చుకుంటున్నారన్నమాట. ఆ పేజీ నేను అంత అందంగా పెట్టాను మరి.

ఆర్డర్లు ఇంకా రాలేదు. ఆలోచించుకుంటున్నారేమో.

కొంచెం ఊపు తేవడానికి "స్ఫాక్స్ నుంచి ఒక గృహిణి" పేరుతో నేనే ఒక వ్యాఖ్య రాశాను. "ఇంత మంచి పన్నీరు నా జన్మలో చూడలేదు, ఎంత ధరైనా ఇవ్వొచ్చు" అని. రాసింది ఇన్సాఫ్‌కి చదివి వినిపించాను.

"స్ఫాక్స్ మనిషి ఎంత ధరైనా ఇస్తానందా?"

"అంది."

"ఎవరూ నమ్మరు. స్ఫాక్స్ వాళ్ళ పిసినారితనం దేశమంతా తెలుసు. ఊరన్నా మార్చు."

మార్చాను.

మార్చి 2

ఎంత పొగరు! ఒక వ్యాఖ్య వచ్చింది, నేను రాయనిది. సూస్ నుంచి సల్వా అట. మొత్తం ఒక్క ముక్క: "దయచేసి ఆ చెయ్యి తీసెయ్యండి."

నా రెండు రోజుల కష్టం! అమ్మకి చదివి వినిపించాను. అమ్మ కళ్ళు చిన్నవయ్యాయి.

"చెయ్యి తియ్యమంటోందా?"

"అవును."

"చెయ్యి ఎవరికి అడ్డం? పాడు కన్ను ఉన్నదానికేగా. దొరికింది చూడు. దాన్ని ఇంకా పెద్దది చెయ్యి."

రెండింతలు చేశాను. మనసు కుదుటపడింది. అమ్మ చెప్పిందని చేపను కూడా పెట్టాను, చెయ్యి పక్కన, అదీ దిష్టికే. ఎవరికైనా ఫోన్ చెయ్యాలనిపిస్తే నంబరుండే పేజీ పెట్టడం ఒకటి మిగిలింది. దాని రంగు ఇంకా తేలలేదు.

మార్చి 11

పేజీలో ఆగేవాళ్ళు పెరిగారు. ఆర్డర్లు మాత్రం లేవు.

ఇన్సాఫ్ అంది, "మీ డ్రైవింగ్ స్కూల్లో ఒకడున్నాడని చెప్పావు గుర్తుందా? అద్దాలన్నీ సరిచూసుకుంటూ అరగంట కూర్చుంటాడు, బండి మాత్రం కదలదని?"

"అయితే?"

"ఏం లేదు. గుర్తొచ్చాడు."

టపాలు పండగ తర్వాత రాస్తాను. ఇది వెనకడుగు కాదు, ప్రణాళిక.

మార్చి 17

ఈ వారం ఎన్నెన్ని ఇళ్ళలో సమ్సాలు, బక్లావాలు లాంటి మిఠాయిలు చేసుంటారో. వాటి మీద ఎవరిదో పన్నీరు చల్లి ఉంటారు. మాది కాదు. సీసాలన్నీ అక్కడే ఉన్నాయి. స్నానాల గదిలో నేనూ ఒకదాన్ని తన్నుకున్నాను.

తెలుపు మార్చాను. ఎముక తెలుపు.

మార్చి 21

పండగ. మిఠాయిలు తిన్నాను. రాయడానికేం లేదు.

మార్చి 27, శుక్రవారం

పూశాయి.

పొద్దున కిటికీ తియ్యగానే వాసన తగిలింది. ఏటా ఈ వాసనకి నా గుండె ఎగిరి గంతేస్తుంది. ఇవాళ జారిపోయింది. అమ్మ కూడా కిటికీ దగ్గరికొచ్చి నిలబడింది. తర్వాత పిన్నికి ఫోన్ చేసింది.

"ఆదివారం పెద్ద బండి వేసుకునిరా" అంది. అంతే అంది.

బ్లాగులో ఒక్క టపా లేదు. మూడు తెలుపులు మారాయి, చెయ్యి ఉంది, చేప ఉంది. అమ్మమ్మ బట్టీ వెళ్ళిపోతోంది. నేను చేతకానివాణ్ణి. ఇక డైరీ రాయను.

మార్చి 29, ఆదివారం

రాయాలి. రాయకపోతే ఎవరూ నమ్మరు.

పిన్ని వచ్చింది. పెద్ద బండి, నల్ల కళ్ళద్దాలు, చేతిలో బక్లావా డబ్బా. అమ్మ ముక్క నోట్లో పెట్టుకుని నమలడం ఆపింది.

"దలెండా, ఇందులో పన్నీరేదే?"

"ఉందక్కా."

"నాకు చెప్తావా?"

పిన్ని కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "అయిపోయింది. పోయినేడు నువ్విచ్చిన సీసా పండక్కి ముందే ఖాళీ. బజారుది నా ఇంట్లోకి రానివ్వను కదా. అలాగే చేసేశాను, పన్నీరు లేకుండా. తిన్నవాళ్ళంతా బాగుందన్నారు. ఒక్కరూ రెండోది అడగలేదు."

"నన్నడగడానికేం?"

"అడిగితే ఏమంటావో నాకు తెలీదా? 'బట్టీ కావాలి గానీ పన్నీరు తీసుకోవడం చేతకాదు' అంటావు."

"అంటాను."

"చూశావా? అందుకే హాతెమ్ దుకాణంలోనే కొనుక్కుందామనుకున్నా. నీకు తెలియకుండా. కొననిస్తేగా!"

నాకేం అర్థం కాలేదు. పిన్ని ఫోన్ తీసి మా పేజీ తెరిచి నా ముందు పెట్టింది. నా కంప్యూటర్లో మూలన ఒదిగి ఉండే చెయ్యి, పిన్ని ఫోన్లో సగం తెర ఆక్రమించి కూర్చుంది. దాని అరచేతి కింద, కేవలం అంచు కనిపిస్తూ, ఆర్డర్ బటన్.

"ఇదిగో, నొక్కుతున్నా. చెయ్యి నా వేలు కింద పడుతోంది, బటన్ పడట్లేదు. పైకి జరిపితే పైకొస్తుంది, కిందికి జరిపితే కిందికొస్తుంది. పిల్లిలా వెంటపడుతోందిరా. చివరికి సూస్ నుంచి సల్వా అని పేరు పెట్టుకుని, చెయ్యి తియ్యమని బతిమాలుకున్నా. తెల్లారేసరికి రెండింతలైంది!"

ఇన్సాఫ్ నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పరిగెత్తింది. అక్కణ్ణుంచి గిన్నెలు పడిన చప్పుడు. నాకు భూమి చీలితే బాగుండనిపించింది. పేజీలో అంతసేపు ఆగినవాళ్ళంతా, అంతమందీ, మెచ్చుకోవడానికి ఆగలేదు. నొక్కుకుంటూ ఆగారు.

"ఆ పేజీ ఫోన్లో ఒక్కసారన్నా తెరిచి చూసుకోలేదా నువ్వు?" వంటింట్లోంచి ఇన్సాఫ్ గొంతు. "కంప్యూటర్లో కొనేవాడు ఈ దేశంలో నువ్వొక్కడివే."

అమ్మ మాత్రం నెమ్మదిగా ఇంకో బక్లావా తీసుకుంది. "నేను చెప్పలేదూ, చెయ్యి తియ్యమన్నదాని కన్ను మంచిది కాదని? దాని కన్ను మా బట్టీ మీదే. చెయ్యి సరిగ్గా దాన్నే పట్టుకుంది."

"అత్తయ్యా, దేశమంతట్నీ పట్టుకుంది" అంది ఇన్సాఫ్.

"పనిలో ఉన్నప్పుడు మనిషి మనిషినీ వేరుచేసి చూడ్డానికి దానికి తీరికెక్కడ?"

పిన్నికి కోపం రావాలి. రాలేదు. గుమ్మంలో గుడ్డ చుట్టి సిద్ధంగా పెట్టిన బట్టీ వైపు చూసింది. తర్వాత తను తెచ్చిన బక్లావా వైపు చూసింది.

"అక్కా, ఇది నా హాల్లో ఉంటే, నా బక్లావాకి పన్నీరెవరు తీస్తారు?"

"మొక్క తీస్తుంది" అంది అమ్మ.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు పిన్ని నవ్వింది. తర్వాత అమ్మ. నేను గుడ్డ విప్పడం మొదలుపెట్టాను, ఎవరూ చెప్పకుండానే.

తర్వాత కూర్చుని చెయ్యిని చిన్నది చేసి, పైన, బటన్‌కి దూరంగా కట్టేశాను. ఇంక నడవదు. పిన్ని ఒక సీసా అందుకోబోతే అమ్మ ఆవిడ మణికట్టు పట్టుకుంది.

"ఊరికే ఇవ్వను. దుకాణంలో అడుగు."

పిన్ని మా సోఫాలో కూర్చుని ఫోన్ నొక్కింది. నా కంప్యూటరు టింగుమంది. ఏడాదిలో మొదటి ఆర్డరు! చిరునామా దగ్గర "మీ సోఫా" అని రాసింది.

చీకటి పడేలోగా ఇంకా కొన్ని వచ్చాయి. ఒకామె వ్యాఖ్య కూడా రాసింది: "హమ్మయ్య."

మార్చి 31

స్నానాల గది ఖాళీ అయింది. మంచాల కింద ఇంకా ఉన్నాయి. బట్టీకి అమ్మ ఒక వసంతం గడువిచ్చింది, ఒక్కటంటే ఒక్కటే, అదీ నేను నిజంగా రాస్తేనే. పిన్ని వారం ఉంటానంది. పూలు దుప్పటి మీద పరిచి అక్కాచెల్లెళ్ళిద్దరూ ఆకులు ఏరుతూ, పోట్లాడుకుంటూ కూర్చున్నారు. మధ్యాహ్నం బట్టీ వెలిగించారు. నేను పక్కనే కూర్చున్నాను. మొదటి చుక్క సీసాలో పడింది. తర్వాత ఇంకొకటి. నా కళ్ళు చెమర్చాయి.

అమ్మ చూసింది. "ఇది మాత్రం రాయకు" అంది.

సరే, ఇది రాయను. కానీ మిగతావన్నీ రాస్తాను. రేపట్నుంచి రోజుకో టపా. ఈసారి ఒట్టు. ఇన్సాఫ్ పక్కనే ఉంది, సాక్షి సంతకం పెట్టమంటే పెన్ను లేదంది.

ఇప్పుడే మొదలుపెట్టేవాణ్ణి. ఒక పువ్వు తెచ్చి తెర పక్కన పెట్టి చూశాను. ఎముక తెలుపు కానే కాదు. అసలు దగ్గరగా కూడా లేదు. ముందు అది మార్చి కూర్చుంటాను.