అద్దం వెనక ఏడు సెకన్లు

బావా,

నువ్వు పోయాక వచ్చిన మొదటి ఎన్నిక ఇది. పొద్దున్నే అక్కని బూత్‌కి తీసుకెళ్లాను.

"మార్కెట్లో బెల్లం దిమ్మ తూత్తే కాటా చీటీ సేతికిత్తారు. ఓటేత్తే చీటీ అద్దంలో సూపించి లాగేసుకుంటారేటి బావా? నా సేతికిమ్మను, నేనే పెట్టిలో ఏత్తాను" అని నువ్వు గొడవపడేవాడివి. నేను నవ్వేవాణ్ణి. ఓటుకి మళ్లీ కాగితం కావాలనేవాళ్లు రిగ్గింగు రోజుల్ని వెనక్కి పిలుస్తున్నారని పత్రికలకు వ్యాసాలు కూడా రాశాను.

ఈరోజు వరసలో నా ముందున్న అక్క మీట నొక్కింది. నువ్వు లేకుండా ఓటుకి రావడం ఆవిడకిదే మొదలు. కొంగుతో కళ్లు తుడుచుకోవడం వెనకనుంచి నాకు కనబడింది. ఆవిడ తలెత్తేసరికి అద్దం వెనక చీటీ పెట్టెలోకి పడిపోయింది.

"బాబూ, ఇంకొక్కపాలి సూపించవా?" అని ఆఫీసర్ని అడిగింది.

"అవదమ్మా. ఏడు సెకన్లే."

ఏడు సెకన్లు చాలని తేల్చినవాడెవడు బావా? కళ్లజోడు వెతుక్కోనివాళ్లూ, కన్నీళ్లు రానివాళ్లూ మాత్రమేనా ఈ దేశంలో ఓటర్లు?

బయటికొచ్చాక అక్క నా చెయ్యి పట్టుకుంది. "నా ఓటు ఎవరికి పడ్డాదిరా తమ్ముడూ?"

నీకైతే వంద జవాబులు చెప్పేవాణ్ణి. అక్కకి మాత్రం "తెలీదక్కా" అని చెప్పాను. నువ్వన్నదే నిజం బావా. ఆ మాట నీకు ఎదురుగా చెప్పాల్సింది.