ఎత్తు పెంచిన గద్దె

ప్రభాకరన్నా,

ఫోన్లు పనిచేయడం లేదు. మణుగూరు వస్తున్న ఆశా వర్కర్ ఆరోగ్యమ్మ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

ఇక్కడ చినుకు లేదు, గోదారి మాత్రం పెరుగుతోంది. అయినా ఊళ్లో ఎవరూ కదలడం లేదు. "ముత్యాలమ్మ పాదాలు తడిసినంకనే గుట్ట ఎక్కాలె. మన తాతలు గట్లనే బతికిన్రు" అంటున్నారు మా మామయ్య.

మొన్న ఎండాకాలంలో అమ్మవారిని నడుమెత్తు సిమెంటు గద్దె మీదికి ఎక్కించింది మనమే కదా అన్నాను. "ఎత్తుపల్లాలు అమ్మకు తెల్వవా?" అని కసిరారు.

గద్దె కట్టకముందు అమ్మవారు ఉన్నచోట ఇప్పుడు మోకాల్లోతు నీళ్లు. గుట్ట తోవలో వాగు ఎగదన్నుతోంది. నువ్వు గుట్ట వెనక రోడ్డుకు ట్రాక్టర్లు పంపించు.

నేను బిందె తీసుకుని గద్దె దగ్గరికి పోతున్నాను. అమ్మవారి పాదాలు నేనే తడిపి, అల కొట్టిందని కేకేస్తాను. రేపు ఎవరడిగినా, అలే తడిపిందని నువ్వూ చెప్పు.

నీ చెల్లెలు