వాడని వస్త్రాలపై పన్ను వాపసు

అల్ అజీజియా, ఖోబర్, సౌదీ అరేబియా

ప్రియమైన ఖాజాబీకి,

బట్టల దుకాణంలో పన్ను లెక్కలు రాసే నీ భర్త సలాములు చెప్పి విన్నవించుకునేది:

ఈ దేశంలో ఒంటి మీదికి వచ్చే ప్రతిదానికీ నూటికి పదిహేను పన్ను. పసిపిల్ల జుబ్బా అయినా, నడుం పట్టీ అయినా తేడా లేదు. చలికి, సిగ్గుకు, సరదాకు వేర్వేరు రేట్లు పెట్టే ఆలోచన ప్రభుత్వానికి కలగలేదు. అయితే చూసిపోవడానికి వచ్చినవాళ్లు కొని తీసుకుపోయే సరుకు మీద పన్ను తిరిగి ఇస్తారు. ఇక్కడే ఉండేవాడికి ఇవ్వరు. నేను పందొమ్మిదేళ్లుగా ఇక్కడే ఉండేవాడిని. నువ్వు ముప్పై రోజులు చూసిపోవడానికి వచ్చినదానివి. కావున మన సంసారంలో వాపసుకు అర్హత నీకొక్కదానికే ఉందని నిర్ణయించాను.

నువ్వు దిగిన మరునాడే నెమలిరంగు గౌను, చేతిసంచి, ముత్యాల పిన్ను కొని, నీ పాస్‌పోర్టు చూపించి రసీదు రాయించాను. ఇంటికి రాగానే నువ్వు గౌను మడత విప్పి వేసుకోబోయావు.

"ఆగు. విమానాశ్రయంలో చూపించేదాకా ధర చీటీ తెంపగూడదు" అన్నాను.

"కొన్నది వేసుకునేదానికి గాదా?"

"వేసుకుంటే పాతదవుతాది. పాతదానికి వాపసు రాదు."

"నేనూ పాతదాన్నే గదా. నన్నేం జేస్తావు?"

నువ్వు నవ్వావు. నేను రసీదును ప్లాస్టిక్ కవరులో పెడుతున్నాను.

ఒక తప్పు ఒప్పుకుంటున్నాను. వేసుకున్న బట్టకు వాపసు లేదన్న నిబంధన నేనెక్కడా చదవలేదు. అది గుమాస్తాగిరి నేర్పిన అనుమానం. ముప్పై రోజులూ నువ్వు తెచ్చుకున్న రెండు చీరలే మార్చి మార్చి కట్టావు. ఇప్పుడు ఆ గౌనులో నిన్ను తలుచుకుందామంటే ఆధారం దొరకడం లేదు. దుకాణంలో అలాంటిదే ఒకటి వేలాడుతోంది. దాని లోపల ఎవరూ లేరు. నిన్న మా మేనేజరు ఇష్తియాక్ సాబ్ "క్యా వలీ భాయ్, గౌన్ సే బాత్ కర్ రహే?" అని అడిగారు. గౌనుతో మాటలేమీ లేవు, సరుకు తనిఖీ అని చెప్పాను.

వాపసు గురించి ఫోనులో అడిగితే "వస్తాదిలే" అంటావు. మళ్లీ వీసా వెయ్యనా అంటే మాట మారుస్తావు. ఆ రెండోదాని కోసమే ఈ ఉత్తరం, ఊరొస్తున్న అల్లాబకాష్ చేతికిస్తున్నాను. వస్తావో రావో తెలుపగలవు.

ఇట్లు,
నీ మస్తాన్ వలీ

ప్రొద్దుటూరు

నా గుమాస్తా దొరకు,

అల్లాబకాష్ అన్న తిరిగి వస్తున్నాడని ఇది రాస్తున్నాను. వాపసు రాదు. విమానాశ్రయంలో నేనా కౌంటరు దగ్గరికే వెళ్లలేదు.

మూడో వారంలో ఒక రోజు మధ్యాహ్నానికే వస్తానన్నావు. చీటీ తెంపి గౌను వేసుకున్నాను. పిన్ను పెట్టుకుని, సంచి ఒళ్లో పెట్టుకుని తలుపు దగ్గర కూర్చున్నాను. నువ్వు ఫోను చేసి, దుకాణం పన్ను దాఖలుకు ఆఖరు రోజు, ఆలస్యమవుతుందన్నావు. అయినా లేవలేదు. పక్కింటి నర్సు కృపామణి చూసి, "ఎక్కడికి వదినగారూ, ఇంత ముస్తాబయ్యారు?" అంది.

"మా ఆయన దగ్గరికి" అన్నాను.

ఆమె నవ్వింది. ప్రొద్దుటూరు నుంచి అంత దూరం వచ్చి కూడా నేనింకా దారిలోనే ఉన్నానని నాకు అప్పుడు తెలిసింది. పొద్దు వాలాక గౌను మడిచి, చీటీని దారంతో మళ్లీ కుట్టాను. నువ్వు పెట్టె బరువు తూచావు గాని అది చూడలేదు.

చూసిపోవడానికి మళ్లీ రావాలా అని ఇన్నాళ్లూ ఆలోచించాను. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. వీసా వెయ్యి. ఈసారి దుకాణానికి నేనూ వస్తాను. కొన్నచోటే వేసుకుని, నీ పక్కన నడుస్తూ ఇంటికొస్తాను. పన్ను పూర్తిగా కట్టు.

నీ ఖాజాబీ