ఏడుగురి ఆటలో ఎంపిక

తమ్ముడూ,

మీరు ఎంపిక చేసిన జూనియర్ రగ్బీ జట్టులో నీ మేనకోడలి పేరు లేదని నిన్న తెలిసింది. అది ఏడవలేదు. అన్నం తిని, బూట్లు కడుక్కుని పడుకుంది.

పదిహేను మంది ఆడే ఆటకు ఏడుగురి ఆట పెట్టి పిల్లల్ని ఎంచారట. అందులో పరుగెత్తేవాళ్లే కనిపిస్తారు. తల వంచి గుంపును ముందుకు నెట్టే పిల్ల ఎవరి కంట పడుతుంది? ఆ సంగతి నీకూ తెలుసు. కానీ సొంత మేనకోడల్ని వెనకేసుకొచ్చావంటారని, దాని పేరు వచ్చినప్పుడు నువ్వు నోరు విప్పలేదట. కోచ్ చెప్పాడు.

నాకు కోపం కూడా రావడం లేదు.

"మామయ్యని ఏమీ అనకమ్మా," అంది పొద్దున. "వచ్చే ఏడు పక్క ఊరి తరఫున ఆడతాను. అక్కడ నాకు మామయ్య ఉండడు కదా."

సరేనన్నాను.

అక్క