పుస్తకం అట్టకు ఫోటో

గిరావీన్, 5-11-1999

అమ్మీకి, సలాం. ఈ పరాయి దేశంలో కులాసాగానే ఉన్నాను. 2000 సంవత్సరం రాగానే తప్పు తేదీ చూపకుండా ఆఫీసు కంప్యూటర్లలో తేదీలు సరిచూసీ చూసీ కళ్లు మాత్రం అలిసిపోయాయి.

సింగపూర్ ప్రచురణకర్తల కొత్త పుస్తకాల జాబితా వచ్చింది. రచయితలందరి ఫోటోలూ ఉన్నాయి, నా కథల పుస్తకం పక్కన ఖాళీ గడి. అట్ట మీదికైనా ఫోటో ఈ నెలాఖరులోగా పంపమన్నారు. నేను అద్దెకుంటున్న ఇంటి ఓనరు నసీమా ఆంటీ, "ఆడపిల్ల ఫోటో షాపుల్లో పెడతారా బేటీ? ఫస్ట్ మీ అబ్బాకి ఫోన్ చెయ్యి" అన్నారు.

అబ్బాతో ఫోన్‌లో నాకు మాట పెగలదు, నువ్వే అడుగు. తమ్ముడు రుమాన్‌కి దగ్గు తగ్గిందా? మీ అమ్మగారింటికి వెళ్లినప్పుడు నానీని నమాజులో నా పుస్తకానికి దువా చేయమను.

సంబంధాలకని నా ఫోటో ఏడిళ్లకు పంపారు కదా. వాళ్లు తిప్పి పంపినవాటిలో ఒకటి చాలు.

నీ జవేరియా