నీలి అంచు కాగితాలు

రంగుల మిల్లు, ప్రయోగశాల,
కిటికీ పక్క బల్ల.
పదిహేడో తేదీ, గురువారం.

పెద్దక్కకి చిటపటల సారు రెండు చేతులూ జోడించి రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ నేను కులాసా. బీకర్లూ గరాటులూ కూడా కులాసాయే గానీ, నువ్వు కడిగినప్పటి తళతళ వాటికి లేదు. అక్కడ నువ్వూ, మీ అమ్మాయీ, అమ్మాయి కుట్టుమిషనూ బాగున్నారని తలుస్తాను. నువ్వు నాకు పెట్టిన పేరు నా చెవిన పడలేదనుకున్నావా? అద్దకం గదిలో అందరూ నన్ను అలాగే పిలుస్తారు. ముక్కు మీద కోపం ఉన్నవాడికి అంతకంటే మంచి పేరు దొరకదు, నేనేం నొచ్చుకోలేదు. ఉత్తరం అమ్మాయి చదివి వినిపిస్తుందని తెలుసు. అందుకే నా కోడిగీతలు మాని అక్షరాలు గుండ్రంగా రాస్తున్నాను.

ముందు మంచి కబురు. సోమవారం మిల్లు గేటు తెరిచారు. వెనక కాలవలోకి రంగునీళ్లు వదులుతున్నామని తనిఖీ అధికారి వేసిన తాళం రెండు నెలల తర్వాత ఊడింది. నలభై మందీ పనిలోకి వచ్చారు. రంగు కలిపే మేస్త్రీ గుండిగలని ఒక్కొక్కటే చేత్తో తడిమి చూసుకున్నాడు. ఇంకో నెల అలాగే ఉంటే కుటుంబంతో వేరే ఊరు వెళ్లిపోయేవాడట. ఈ నలభై మందీ నీ వల్లే పనిలో ఉన్నారక్కా. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

మొదటినుంచీ చెప్తాను, అమ్మాయికి కూడా అర్థమవ్వాలి కదా. రంగునీళ్లలో వేరుశనగ తొక్కల బొగ్గు వేస్తే రంగు వెళ్లి బొగ్గుకి పట్టుకుంటుంది. దీన్ని అధిశోషణం అంటారని నేను నీకు గొప్పగా చెబితే, అంటుకోవడం అంటే సరిపోదా అని అడిగావు. పీల్చుకోవడం వేరు, ఒంటికి అంటించుకోవడం వేరు అని అరగంట ఊదరగొట్టాను. నువ్వు గరాటులు కడుగుతూనే అంతా విని, పిండి కలిపిన చేతికి పిండి అంటుకున్నట్టన్నమాట అన్నావు. నేను నాలుగు పేజీలు రాసినా ఆ ముక్క రాయలేకపోయాను.

బల్ల మీద నా లెక్క అద్భుతంగా వచ్చింది. నీలం నీళ్లు కొలిచి, బొగ్గు వేసి, కలిపి, వడపోత కాగితంలోంచి వడకట్టి మళ్లీ కొలిస్తే నూటికి తొంభై అయిదు పాళ్లు రంగు మాయం. యజమాని పొంగిపోయి పెద్ద డ్రమ్ము నిండా బొగ్గు పోయించాడు. అధికారికి రమ్మని తేదీ కూడా ఇచ్చేశాడు. తేదీ ఇచ్చిన పూటే డ్రమ్ములోంచి పట్టిన మూడు సీసాల నీళ్లూ లేత నీలంగా ఉన్నాయి. ఆ తర్వాత జరిగింది నీకు గుర్తుచేయక్కర్లేదు. యజమాని ముందే నీ మీద నోరు పారేసుకున్నాను. సీసాలకి పాత మరక ఉందన్నాను. కళ్లు కనబడకపోతే ఇంట్లో కూర్చోమన్నాను. నువ్వు రబ్బరు తొడుగులు విప్పి తొట్టి అంచున ఆరేసి వెళ్లిపోయావు. తొడుగులు కూడా ఆరేసి వెళ్లావు, చూడు.

వారం తర్వాత నేను మీ ఇంటికి వచ్చినప్పుడు క్షమించమని అడగడానికి వచ్చాననుకుని ఉంటావు. కాదక్కా. గాజుసామాన్ల బీరువా తాళంచెవి నీ కొంగుకే ఉండిపోయింది, దానికోసం వచ్చాను. సిగ్గు లేని మాటే, కానీ నిజం. తలుపు తీసిన అమ్మాయి నన్ను కూర్చోమనలేదు. నువ్వే కూర్చోమని మంచినీళ్లిచ్చావు.

గ్లాసు తీయబోతే దాని కింద ఒక గుండ్రటి కాగితం. తలెత్తి చూస్తే వంటగది అరల్లో ప్రతి డబ్బా కిందా అదే. నేను వాడి పారేసిన వడపోత కాగితాలు! మధ్యలో బొగ్గు మసి, చుట్టూ నీలి అంచు, ఒక పక్కన నా పెన్సిలు తేదీ. నేను అలా గుడ్లప్పగించి చూస్తుంటే నువ్వు కంగారుపడి, చెత్తబుట్టలోవే తెచ్చుకున్నానని, ఒక్కటి కూడా కొత్తది ముట్టలేదని చెప్పావు. ఎన్నిసార్లు ఉతికినా ఆ నీలం మాత్రం వదలలేదని కూడా అన్నావు.

బొగ్గు తగలని అంచుకి నీలం ఎలా వచ్చింది? ఉతికినా ఎందుకు వదల్లేదు? పప్పుల డబ్బా పక్కకి జరిపి, దాని కింది కాగితం లాక్కుని పరుగెత్తాను. తాళంచెవి సంగతే మరిచిపోయాను. నాకు మతి పోయిందని అమ్మాయి అనుకునే ఉంటుంది.

ప్రయోగశాలకి వచ్చి బొగ్గు వేయకుండా ఉత్త నీలం నీళ్లు కొత్త కాగితంలో పోశాను. సగం రంగు కాగితమే మింగేసింది! మొదటి నీళ్లు వడకట్టకుండా కొలిచి, చివరి నీళ్లు వడకట్టి కొలిచి, కాగితం చేసిన పనంతా బొగ్గు ఖాతాలో వేశాను. చదువుకునే రోజుల్లో మొదటి వారం నేర్పే జాగ్రత్త అది. ఇరవై ఏళ్ల అనుభవం అని విర్రవీగే నేను దాన్ని గాలికొదిలేశాను. అప్పటినుంచి కాగితం మానేసి, గిర్రున తిప్పే యంత్రంలో బొగ్గుని అడుక్కి దించి, పైతేట కొలిచాను. అసలు లెక్క అరవై దాటలేదు. అధికారి రావడానికి పన్నెండు రోజులే ఉంది.

అప్పుడు నీ ఇంకో మాట గుర్తొచ్చింది. డ్రమ్ము బిగించిన రోజు నువ్వు కుళాయి వైపు చూసి, నీళ్లు అలా పరుగెత్తిపోతుంటే బొగ్గుకి పట్టుకునే తీరికేదీ అన్నావు. నీ పని నువ్వు చూసుకో అని కసిరాను. ఇప్పుడు కుళాయి సన్నటి ధారకి తగ్గించాను. బొగ్గు మెత్తగా కొట్టించి, జల్లించి, కడిగించాను. ఒక డ్రమ్ము చోట మూడు డ్రమ్ములు వరసగా పెట్టించాను. పోయిన వారం బుధవారం అధికారి తన సీసాలోనే నీళ్లు పట్టి, వెలుతురుకి ఎత్తి చూసి, ఇవి కుళాయి నీళ్లు కావు కదా అని అడిగాడు. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రంగు నిండిపోయిన బొగ్గుని ఏం చేయాలన్నది ఇంకో తలనొప్పి. దానికీ నీ దగ్గర ఏదో ఒక మాట ఉండే ఉంటుంది.

నీకు ఎంత రుణపడ్డానో చెప్పడం నాకు రావడం లేదక్కా. చెత్తబుట్టలో పడేసినదాన్ని తీసుకెళ్లి అరల్లో పరిచావు కాబట్టి నా తప్పు నా కళ్లకి కనబడింది. అన్నిటికంటే, అంత అవమానించినవాడు గుమ్మంలోకి వస్తే మంచినీళ్లిచ్చావు. ఆ గ్లాసే ఇవ్వకపోతే ఈ మిల్లు లేదు. తాళంచెవి నీ దగ్గరే ఉంది. వేరే తాళం చేయించమని యజమాని అంటే వద్దన్నాను. బీరువా నువ్వే వచ్చి తీయాలి.

ఎప్పటికీ నీకు కృతజ్ఞుడైన తమ్ముడు,
చిటపటల సారు

తా.క. అమ్మాయీ, పైదంతా ఎలా చదివినా సరే, ఇది మాత్రం నిదానంగా, గట్టిగా చదువమ్మా. నేను నోరు పారేసుకున్న రోజు పొద్దున మీ అమ్మ నీతో కళ్లాసుపత్రిలో ఉంది. పది దాటాక కొత్త కళ్లద్దాలతో వచ్చింది. అప్పటికే మూడు సీసాలూ నీళ్లతో నిండి బల్ల మీద ఉన్నాయి. వాటిని కడిగింది నేను. నా చేతులతో మూడేసిసార్లు కడిగాను, మరక లేదని నాకు తెలుసు. తెలిసే ఆమె మీద వేశాను. యజమాని ముందు నా లెక్క తప్పని ఒప్పుకోవడానికి నాకు ధైర్యం చాలలేదు. అక్కా, నువ్వు ఒక్క మాట అంటే ఆ క్షణమే నా పరువు పోయేది. నువ్వు అనలేదు. సోమవారం గేటు తెరవగానే, ఎవరూ పని మొదలుపెట్టకముందే, యజమానితో సహా అందరినీ డ్రమ్ముల దగ్గరికి పిలిచి ఇదంతా చెప్పేశాను. ఇంక నీతో చెప్పడమే మిగిలింది. సీసాలు కడిగింది నేనే అక్కా.