మా అవ్వ బతికే ఉన్నది, నా పరీక్ష పద్దెనిమిదిన ఉన్నది

రాచగుట్ట,
తేది: 11-6-2024

మండల పరిషత్ అభివృద్ధి అధికారి గారి సముఖమునకు,
రాచగుట్ట మండలం, నల్లగొండ జిల్లా.

అయ్యా,

విషయం: వృద్ధాప్య పింఛను జాబితాలో మరణించినట్లు నమోదైన మా అవ్వ తిరందాసు గుర్వమ్మ (74 సం.) జీవించియున్నందున, సదరు విచారణను 18వ తేదీ నుండి మరొక తేదీకి మార్చుట గురించి.

సూచిక: "మృతురాలిని వెంటబెట్టుకొని 18-6-2024 ఉదయం 11 గంటలకు హాజరు కావలెను, రానిచో మరణం ధ్రువీకరించబడును" అని తమ కార్యాలయం నాకు ఇచ్చిన నోటీసు.

1. నేను చేనేత కుటుంబానికి చెందినదానను. డిగ్రీ పూర్తిచేసి, హైదరాబాదులోని ఒక విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల ఎం.ఏ.లో చేరుటకు సిద్ధమవుతున్నాను. నటనకు కూడా ఎం.ఏ. ఉంటుందా అని తమ కార్యాలయంలో ముగ్గురు నవ్వినారు. ఉంటుంది. దాని ప్రవేశ పరీక్ష హైదరాబాదులోనే, 18వ తేదీ ఉదయం పది గంటలకు. నిర్ణేతల ముందు ఐదు నిమిషాలు ఒంటరిగా నటించి చూపవలెను.

2. ఇంట్లో నేను, బాపు, అవ్వ ముగ్గురమే. అమ్మ లేదు. బాపు లక్ష్మీనర్సయ్య మగ్గం నేస్తాడు, నడుము పట్టేస్తే నేను దవాఖానకు తీసుకుపోతాను. పొద్దున నల్లా నీళ్లు పట్టుట, వంట, మగ్గానికి కండెలు చుట్టుట, గ్యాసు ఏజెన్సీలో వేలిముద్ర, బ్యాంకులో వేలిముద్ర, రేషన్ దుకాణంలో పడని వేలిముద్ర, ఇవన్నీ నావే. గ్యాసు వరుసలో నిలబడి గొంతు సాధన చేస్తే "గాలి సోకిందా" అని అడిగినారు. సంభాషణలు కండెలు చుడుతూ బట్టీ పట్టినాను. పోయిన సంవత్సరం పరీక్షనాడే బాపు నడుము పట్టేసింది, నేను పోలేదు. ఇది రెండవసారి. ఇది కూడా తప్పితే మూడవసారి దరఖాస్తు పెట్టే ధైర్యం నాకు ఉండదని తమకు నిజం చెబుతున్నాను.

3. పరీక్షకు నేను ఎంచుకున్నది మన దిక్కు ఆడవాళ్లు చావు దగ్గర రాగం తీసి ఏడ్చే శోకం. గత నెల 27న మధ్యాహ్నం ఇంట్లో సాధన చేస్తున్నాను. ఎదురుగా పీనుగు లేకుంటే ఏడుపు వస్తలేదని నేను విసుక్కోగా, మా అవ్వ తానే చాప పరుచుకొని, దుప్పటి కప్పుకొని పడుకున్నది. "నా దీపమా, నన్నిడిసి యాడికి పోతివే అవ్వా" అని నేను అందుకున్నాను. ఆ రోజు బాగా వచ్చింది. వాడకట్టంతా వినిపించేంత బాగా వచ్చింది.

4. మా వాడలో ఆ రాగం వినబడితే ఎవరూ ఏమని అడగరు, చేతిలో పని వదిలి వస్తారు. పక్కింటి అమృతమ్మ పిండి చేతులతోనే ఉరికివచ్చి, "ఓ గుర్వక్కా! నిన్న సందేళ నాతోని ముచ్చట వెట్టితివి గదనే!" అని మా అవ్వ మీద పడి మొదలుపెట్టింది. ఇంకో నలుగురు కలిసినారు. అప్పుడు అవ్వ దుప్పటి తీసి, "జర సప్పుడు చెయ్యకుండ్రే, పొల్ల సదువుకుంటాంది" అన్నది. అమృతమ్మ నాతో ఇప్పటికీ మాట్లాడుట లేదు.

5. అదే సమయంలో పింఛనుదార్లు బతికి ఉన్నారో లేదో ఇంటింటికీ వచ్చి చూసి రాసుకొనుటకు తమ సిబ్బంది నరహరి గారు మా గల్లీ మూలకు వచ్చినారు. ఏడుపు విన్నారు. ఉరికివచ్చే ఆడవాళ్లను చూసినారు. లోపలికి రాలేదు. ఎందుకు రాలేదని తరువాత అడిగితే, "సావు ఇంట్లకొస్తె మల్ల తానం జెయ్యాలె గదమ్మా. ఇంక పద్నాలుగు ఇండ్లు ఉండె నాకు" అన్నారు. కనుక అయ్యా, ఒక మనిషి స్నానం తప్పించుకొనుటకై ఇంకొక మనిషిని గల్లీ మూలనుండే చంపినారు.

6. మా అమ్మ నిజంగా పోయినప్పుడు, ఆ సంగతి ఒక కాగితం మీద రాయించుటకు తమ కార్యాలయం చుట్టూ ఏడు నెలలు తిరిగినాను. అవ్వకు ఏడు నిమిషాలు పట్టలేదు.

7. అవ్వను ఆటోలో తెచ్చి తమ గుమాస్తా రామచంద్రం గారి ముందు నిలబెట్టినాను. ఆయన ఆమెను చూడలేదు, కంప్యూటరు చూసినారు. "ఆన్‌లైన్ల సచ్చిపోయింది. లేపుడు నా చేతుల లేదు" అన్నారు. అవ్వ "ఓ కొడుకా, గిటు సూడు" అన్నది. "నువ్వుండవ్వా, నేను పొల్లతోని మాట్లాడుతున్న గద" అన్నారు.

8. తరువాత జరిగినది రాయుటకు నాకు రోతగా ఉన్నది, అయినా రాస్తున్నాను. అది చావు ఏడుపు కాదు, సాధన అని నేను చెప్పగా, "ఏది, ఒకసారి ఏడ్చి చూపియ్యి. నిజమో నాటకమో రాసుకుంట" అన్నారు. నేను ఏడ్చి చూపినాను. ఫైళ్ల మధ్య, ఫ్యాను కింద, అవ్వను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, ఆమె బతికి ఉన్నదని నిరూపించుటకు ఆమె చచ్చినట్లు ఏడ్చినాను. ఒకరు ఫోనులో తీసుకున్నారు. ఒకరు చాయ్ తాగుతూ "ఇంకొంచెం" అన్నారు. అయిపోయిన తరువాత రామచంద్రం గారు కండ్లు తుడుచుకొని, "గింత నిజంగ ఏడ్చినవంటె నాకే అనుమానమైతాంది. ఎంక్వైరీ పెట్టాలె" అని పై నోటీసు చేతిలో పెట్టినారు. నా పని మీద నాకున్న గౌరవాన్ని ఆ పూట తమ కార్యాలయంలోనే పారేసుకొని ఇంటికి వచ్చినాను. రెండు రోజులు గొంతు విప్పలేదు. విప్పబోతే ఆ చాయ్ తాగే మనిషే కండ్ల ముందర ఉన్నాడు.

9. తేదీ మార్చమని అడిగితే ఇప్పటికి నాలుగుసార్లు "సార్ లేడు" అన్నారు. ఒకసారి తమరు లోపల మాట్లాడుతున్నది బయటికి వినబడుతుండగానే అన్నారు. అక్కడున్న ఎవరికీ ఎం.ఏ. లేకున్నా నాకంటే బాగా నటిస్తున్నారు.

కావున తమరు దయతో విచారణను 19వ తేదీకైనా, 17 సాయంత్రానికైనా మార్చవలెను. అవ్వ బతికి ఉన్నదో లేదో ఒక రోజు ఆగి చూసినా తేలుతుంది. నా పరీక్ష ఆగదు. తొమ్మిది అంశాలు చదివే తీరిక తమకు లేకుంటే, మొదటిదానిలోని తేదీని మాత్రమైనా చిత్తగించవలెనని నా కోరిక.

ఇట్లు,
విధేయత ఇంకా కొంత మిగిలియున్న,
తిరందాసు సుహాసిని

తాజా కలం: ఈ కింది మాటలు మా అవ్వ చెప్పగా రాసినవి. "ఆఫీసు మాట రాయకు, నేనన్నదే రాయి" అన్నందున దిద్దలేదు.

సారూ, దండం. నేను గుర్వమ్మను. పొల్ల నీకు చెప్పినదాంట్ల ఒకటి తప్పున్నది, అది దానికి సుత తెల్వదు. నేను పండుకున్నది దాని పరీచ్చ కోసం గాదు. అది పట్నం పోతది. ఆన్నుంచి ఇంక యాడికి పోతదో. నేను పోయిననాడు దానికి కబురందేటాలకు నన్ను తీస్కపోయే ఉంటరు. అందినా, దాని ఏడ్పు నాకు ఇనరాదు గద. గందుకే ముందుగాల పండుకోని ఇన్న. మంచిగ ఏడ్చింది. నడుమ ఒక్కతాన ఊపిరి తప్పింది, చెప్పిన.

నువ్వు గా దినం పిలుస్తె అది పరీచ్చ ఇడిసిపెట్టి నీ తానికే వస్తది. గసోంటి పొల్ల. దాన్ని పిలువకు. నేనొక్కదాన్నే ఆటోల వస్త. సూసి బతికిందని రాస్తవా, రాయి. సచ్చిందనే ఉంచుతవా, ఉంచుకో. నా ఏడ్పు నాకు ముట్టింది.

(మృతురాలి ఎడమచేతి బొటనవేలి ముద్ర)